మడత చాకుకు నాలుగువందల డాలర్లా?

మీ చిన్నమామ అమెరికా నుంచి వస్తూ ఒక మడత చాకు తెచ్చాడనుకుందాం. పిడి బూడిదరంగు లోహం. బొటనవేలితో నెడితే అలుగు నూనె మీద జారినట్లు తెరుచుకుని 'టక్కు'మని నిలుస్తుంది. ధర ఎంతని అడిగితే మామ నవ్వి ఊరుకుంటాడు. తరువాత ఎవరో చెప్తారు: నాలుగువందల డాలర్ల పైమాటేనట! ఇంట్లో పెద్దలు నోరు వెళ్లబెడతారు. మీకు మాత్రం ఒక ప్రశ్న పుడుతుంది. జాతరలో వందకో నూటయాభైకో దొరికే చాకు కూడా జామకాయ కోస్తుంది గదా, ఇది అంతకన్న ఏం ఎక్కువ కోస్తుంది?

ఇది మంచి ప్రశ్న. జవాబు కోసం అమెరికా పోనక్కరలేదు, కొత్తకోట దాకా పోతే చాలు.

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే రహదారి మీద ఉంది కొత్తకోట. ఇదివరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి వనపర్తి జిల్లాలో చేరింది. రహదారి నంబరు కూడా 7 పోయి 44 అయింది. ఇలాంటి రహదారి పక్క ఊళ్లలో కమ్మరి కొలిమి ఉంటే ఒక ఐదు నిమిషాలు నిలబడి చూడండి. "దేంతోని చేస్తున్నవ్ తాతా?" అని అడగండి. "లారీ పట్టా తోని, బిడ్డా" అంటాడు. పట్టా అంటే లారీ చక్రాల పైన బరువును మోసే కమాను పట్టీ. లక్ష గోతులు దాటి అలసి విరిగిన పట్టీ కొలిమిలో ఎర్రబడి, దాగలి మీద సమ్మెట దెబ్బలు తిని కొడవలి అవుతుంది. అందులో కర్బనం అర శాతానికి కాస్త ఎక్కువగా ఉంటుంది. కత్తికి పనికివచ్చే ఉక్కే అది. మన కమ్మరులకు ఈ సంగతి ప్రయోగశాల ఏదీ చెప్పలేదు.

ఇప్పుడు కత్తి ఎలా కోస్తుందో చూద్దాం. కత్తి అంచు ఎంత సన్నగా ఉంటే బలమంతా అంత చిన్న చోట పడుతుంది. 5 సెంటీమీటర్ల పొడవున, ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమున్న అంచును ఒక కిలో బరువుతో అదిమామనుకోండి. చదరపు సెంటీమీటరుకు 2,000 కిలోల ఒత్తిడి పడుతుంది! అదే అంచు అరిగి 20 మైక్రానుల మందమైతే ఒత్తిడి 100 కిలోలకు పడిపోతుంది. మొద్దుబారడం అంటే ఇంతే. చేతి బలం తగ్గలేదు, అది పడే చోటు పెద్దదయింది.

అంచు మందం కావడానికి కారణాలు రెండు. ఒకటి, మెత్తని ఉక్కు పక్కకు ఒరగడం. రెండు, గట్టి ఇసుక రేణువుల వల్ల అరగడం. వేరుశనగ బస్తా కుట్టిన పురికొసను కోసి చూడండి. పురికొస మెత్తనిదే, కాని దాని మీది మట్టిలో క్వార్ట్‌జ్ రేణువులుంటాయి. పదును పట్టిన ఉక్కు కన్న క్వార్ట్‌జ్ గట్టిది. పది బస్తాలు విప్పేసరికి చాకు పదును పోయిందని మీరు విసుక్కుంటే తప్పు చాకుది కాదు, మన ఎర్రనేలది.

ఇంకో వింత కూడా ఉంది. వెంట్రుక ఉక్కు కన్న దాదాపు యాభై రెట్లు మెత్తన, అయినా మంగలి కత్తి మొద్దుబారుతుంది. ఎందుకని? 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు దీన్ని తేల్చారు. రోషియోలి అనే పరిశోధకుడు తన గడ్డం తానే గీసుకుని, గీసిన ప్రతిసారీ బ్లేడును ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అంచు గుండ్రబడలేదు, చిన్న చిన్న పెచ్చులు లేచాయి! ఉక్కు లోపలి అల్లిక అంతటా ఒకే విధంగా లేనిచోట, వెంట్రుక ఒక పక్క నుంచి వంగి తగిలినప్పుడు అక్కడ పెచ్చు ఊడుతుంది. కాబట్టి ఉక్కు గట్టిగా ఉంటే చాలదు, లోపలంతా ఒకే తీరుగా కూడా ఉండాలి.

ఖరీదైన చాకులో మీరు డబ్బు పోసి కొనేది ముందుగా దీన్నే. మామ తెచ్చిన చాకు అలుగు మీద బహుశా చిన్న అక్షరాలతో 'ఎస్30వి' అని ఉంటుంది. 2001లో అమెరికాలో ప్రత్యేకంగా చాకుల కోసమే వచ్చిన ఉక్కు ఇది. ఇందులో కర్బనం 1.45 శాతం, క్రోమియం 14 శాతం, వెనేడియం 4 శాతం, మాలిబ్డినం 2 శాతం. మామూలుగా ఇంత కర్బనాన్ని, ఇన్ని లోహాలను కలిపి కరిగించి పోతపోస్తే గట్టి కార్బైడు పలుకులు పెద్ద పెద్ద గడ్డలుగా పేరుకుంటాయి. అప్పుడు అంచు పెచ్చులూడుతుంది. అందుకని కరిగిన లోహాన్ని వాయువుతో చిమ్మి పొడిగా చేస్తారు. ప్రతి రేణువూ క్షణంలో గట్టిపడుతుంది కనుక పలుకులు పెరగడానికి వ్యవధి దొరకదు. ఆ పొడిని వేడిమితో, ఒత్తిడితో మళ్లీ ఒక దిమ్మగా చేస్తారు. వెనేడియం కార్బైడు క్వార్ట్‌జ్ కన్న రెట్టింపు పైగా గట్టిది, కనుక మన ఎర్రమట్టి దాన్ని అంత తేలికగా అరగదీయలేదు.

మరి ఇంతా చేసి ఎంత లాభం? చాకుల మన్నికను కొలవడానికి ఒక యంత్రం ఉంది. ఇసుక కలిపిన అట్ట కాగితాల దొంతరను ఒకే బలంతో కోయించి, ఎన్ని కాగితాలు తెగాయో లెక్కపెడతారు. 440సి అనే పాత, చవకైన తుప్పుపట్టని ఉక్కుకు 100 మార్కులు వేస్తే ఎస్30వి కి 145 వచ్చాయని దాన్ని తయారుచేసినవారే ప్రకటించారు. ధర చూస్తే ఎన్నో రెట్లు, పని చూస్తే ఒకటిన్నర రెట్లు కూడా లేదు! అంచు కోణాన్ని కాస్త సన్నగా నూరితే చవక ఉక్కు కూడా ఈ తేడాలో చాలా భాగం పూడ్చుకోగలదు. కల్లు గీసే గౌడన్నల గీత కత్తి చూడండి. అందులో వెనేడియం ఊసే లేదు. చెక్క మీద రాతి పొడి వేసి రోజూ నూరుతారు, అందుకే తాటి గెల చివరను కాగితమంత పలుచగా చెక్కుతుంది. రోజూ నూరుకునే ఓపిక ఉన్నవాడికి ఖరీదైన ఉక్కుతో పనిలేదు. ఓపిక లేనివాడు ఆ ఓపికను డబ్బు పెట్టి కొంటాడు.

వెనేడియం మాట వచ్చింది కనుక కొత్తకోట వదలి కాస్త ఉత్తరానికి పోదాం. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. 1820 ప్రాంతంలో వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ ఊరు వచ్చి ఈ పని కళ్లారా చూసి రాశాడు. ఈ ఉక్కు కొనడానికి ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారు. తమ దేశంలో దీన్ని చేయబోయి విఫలమయ్యామని వారే చెప్పారట. లోకం 'డమాస్కస్ కత్తులు' అని పొగడిన వాటికి ముడిసరుకు ఇలాంటి దక్షిణ భారతపు ముద్దలే. ఇంగ్లీషువారు దీన్ని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' మాటే అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం.

లండనులో స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు మంగలి కత్తులను, శస్త్రచికిత్స పరికరాలను ఈ ఉక్కుతో చేసి, యూరపులోని మేలైన ఉక్కు కన్న ఇదే తనకు నచ్చిందని వ్యాపార చీటీ మీద అచ్చువేయించాడు. అతనితో కలిసి దీని గుట్టు విప్పబోయిన యువకుడు ఎవరో తెలుసా? విద్యుత్తు పాఠంలో మీరు చదివే మైకేల్ ఫారడే! వారి వ్యాసాలు 1820, 1822లలో వెలువడ్డాయి. గుట్టు మాత్రం పూర్తిగా విడలేదు. 1990 దశకంలో వెర్‌హూవెన్ అనే అమెరికన్ ప్రొఫెసరు, పెండ్రే అనే గుర్రపు లాడాల కమ్మరి కలిసి పనిచేస్తే గాని ఒక ముఖ్యమైన సంగతి బయటపడలేదు. అలుగు మీది నీటి అలల వంటి చారలకు కారణం ఖనిజంలో సహజంగా ఉన్న అతి కొద్ది వెనేడియం వంటి మూలకాలు. శాతంలో వందో వంతు కూడా అక్కరలేదు. అంటే మామ చాకులో 4 శాతం కలిపి గొప్పగా చెప్పుకునే మూలకం ఆ పాత కత్తుల్లో ఎవరికీ తెలియకుండా పనిచేసింది! ప్రొఫెసరుకు కొలిమి తెలిసినవాడి తోడు కావలసివచ్చిందన్న సంగతి నాకు ఈ కథలో అన్నిటికన్న ఇష్టం.

ఇక్కడే ఒక హెచ్చరిక. నేడు 'డమాస్కస్' పేరుతో, చారల అలుగులతో, వేల రూపాయలకు అమ్మే చాకుల్లో ఎక్కువ భాగం కోనసముద్రం ఉక్కు వంటివి కావు. రెండు రకాల ఉక్కు రేకులను పొరలు పొరలుగా అతికి, మడిచి, ఆమ్లంతో చారలు తేల్చినవి. చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. ఆ చారల వల్ల ఒక జామకాయ కూడా ఎక్కువ తెగదు.

ఇక కీలు సంగతి. నా చూపుడు వేలి మీద ఒక తెల్లని మచ్చ ఉంది. ఏడో తరగతిలో జాతర చాకుతో వెదురు ముక్కకు చిల్లి పొడుస్తుంటే చాకు మడుచుకుంది. వేలు మధ్యలో ఉంది. అలాంటి చాకుల్లో అలుగును ఒక వీపు స్ప్రింగు మాత్రమే పట్టి ఉంచుతుంది. కోసేటప్పుడు బలం అలుగును తెరిచే వైపుకే పడుతుంది కాబట్టి అపాయం లేదు. పొడిచినప్పుడు మాత్రం మడిచే వైపుకు పడుతుంది. తాళమున్న చాకులో స్ప్రింగు రేకు ఒకటి పక్కకు వచ్చి అలుగు మడమకు అడ్డంగా నిలుస్తుంది, కనుక రేకును వేలితో తొలగిస్తే గాని మూసుకోదు. ఇది డబ్బు పెట్టదగిన గుణం. అయితే దీనికీ నాలుగువందల డాలర్లు అక్కరలేదు. ఫ్రాన్సులో 1890 నుంచి వస్తున్న ఒపినెల్ అనే చెక్కపిడి చాకుకు 1955లో ఒక ఉక్కు ఉంగరం తొడిగారు. దాన్ని తిప్పితే తాళం పడుతుంది. అక్కడి రైతుల జేబుల్లో ఉండే ఈ చాకు అమెరికాలో కొన్నా ఇరవై డాలర్లు, అటు ఇటు.

మిగిలిన ధరంతా దేనికి? టైటానియం పిడికి, వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరిన కీలుకు, చేతిపనికి, కొంత పేరుకు. కీలు ఊగని చాకు పదేళ్లయినా ఊగదు. గడియారం కొనేవారు కాలం చూడడానికేనా కొంటారు? నన్నడిగితే, ఎవరైనా ఇస్తే సంతోషంగా తీసుకుంటాను. నా డబ్బుతో మాత్రం తాళమున్న మామూలు చాకూ, ఒక మంచి సానరాయీ కొంటాను.

చవక చాకుకూ మంచి చాకుకూ ఉన్న అసలు తేడా చాలాసార్లు ఉక్కులో కాదు, దాన్ని కాచి చల్లార్చడంలో ఉంటుంది. ఇది మీరే చూడవచ్చు. సైన్సు మాస్టారి సమక్షంలో, కళ్లద్దాలు పెట్టుకుని, మూడు కుట్టు సూదులు పట్టుకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చండి. మొదటిదాన్ని మంట నుంచి మెల్లగా తీసి చల్లారనివ్వండి. వంచితే తీగలా వంగుతుంది. రెండోదాన్ని చటుక్కున నీళ్లలో ముంచండి. వంచబోతే గాజులా పుటుక్కుమంటుంది. మూడోదాన్ని కూడా నీళ్లలో ముంచి, గరుకు కాగితంతో రుద్ది మెరిపించి, మంటకు పైన ఎత్తులో పట్టుకుని నిదానంగా వేడిచేయండి. గడ్డిరంగు, తరువాత గోధుమరంగు, 300 డిగ్రీల ప్రాంతంలో నీలం వస్తాయి. నీలం రాగానే తీసేయండి. ఇది వంగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. మూడూ ఒకే పొట్లంలోని సూదులు! కమ్మరి తాత కొలిమి ముందు కళ్లు చికిలించి చూసేది ఈ రంగులనే. చవక చాకుల కార్ఖానాలో తొందరలో తప్పిపోయేదీ ఇదే.

మామ చాకు మొద్దుబారినప్పుడు పెబ్బేరు సంతలో తిరుగుడు సాన పట్టేవాని దగ్గరకు పట్టుకుపోకండి. మామూలు సానరాయి వెనేడియం కార్బైడును సరిగా కోయలేదు, దానికి వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. పైగా పొడిగా తిరిగే చక్రం మీద సన్నని అంచు క్షణంలో వేడెక్కుతుంది. నిప్పురవ్వలు బాగా లేస్తున్నాయి గదా అని మీరు ముచ్చటపడుతుండగానే, అంచు రంగు మారిందంటే ఆ చోట ఉక్కు మెత్తబడిపోయినట్లే. లారీ పట్టా కత్తి అయితే తాత మళ్లీ కాచి, ముంచి ఇస్తాడు. దీన్ని మాత్రం 1,000 డిగ్రీల పైన లెక్క ప్రకారం కాయవలసిన కొలిమి కొత్తకోటలో లేదు.