ఫైలుకు త్రోవ చెప్పుట

విద్యార్థి ఇంటివద్ద వ్రాసికొన్న పైథాన్ ప్రోగ్రాము చక్కగా పనిచేయును. దానినే పాఠశాల ప్రయోగశాలకు తెచ్చి నడిపించగా "అట్టి ఫైలు లేదు" అని కంప్యూటరు మొండికేయును. ఫైలు కండ్లయెదుటనే ఉండును! ఉపాధ్యాయుడు తర్కములో తప్పు వెదకి మార్కులు తగ్గించును. కాని పలుమార్లు తర్కములో దోషమేమియు ఉండదు. ఫైలుకు త్రోవ చెప్పుటలోనే ఉండును.

ఉత్తరముపై చిరునామా వ్రాయునప్పుడు మనము మొదట ఇంటి నంబరు, తరువాత వీధి, ఊరు, చివరకు జిల్లా వ్రాయుదుము. కంప్యూటరు దీనిని తలక్రిందులు చేయును: జిల్లా ముందు, ఇల్లు చివర. /పాఠశాల/పదవతరగతి/మార్కులు అను త్రోవలో మొదటి గీత మూలస్థానమును సూచించును. తక్కిన గీతలు ఒక ఫోల్డరు పేరును మరియొక దానినుండి వేరుచేయును. మూలమునుండి బయలుదేరు త్రోవ నిరపేక్షము. ఉన్నచోటినుండి బయలుదేరునది సాపేక్షము; ఇది "మా వీధి చివరి ఇల్లు" అనుట వంటిది. చెప్పువాడు ఏ వీధివాడో తెలియనిదే ఆ మాటకు అర్థము లేదు.

తికమక ఇక్కడనే. సాపేక్షమైన త్రోవను ప్రోగ్రాము ఉన్న ఫోల్డరునుండి వెదకుదురని పిల్లలు తలచెదరు. అట్లు కాదు. మనము ఏ ఫోల్డరులో నుండి ప్రోగ్రామును ప్రారంభించితిమో అక్కడినుండి వెదకుట జరుగును. ఇంటివద్ద ఆ రెండును ఒకటే కావచ్చును, ప్రయోగశాలలో కాకపోవచ్చును. ప్రోగ్రాము తన ఉనికిని తెలిసికొనుటకు పైథాన్‌లో ఒక పేరు కలదు. "ఫైల్" అను మాటకు ముందు రెండు, వెనుక రెండు అడుగుగీతలు చేర్చిన అది వచ్చును. త్రోవను దానినుండి కట్టినచో ఎక్కడ నిలిచి నడిపించినను ఫైలు దొరకును.

ఇక గీతల సంగతి. ఫోల్డరులో ఫోల్డరు ఉంచు పద్ధతిని 1960ల నడుమ రూపొందిన మల్టిక్స్ వ్యవస్థ ఉపయోగించినది. అందు పేర్ల నడుమ గుర్తు >. బెల్ ప్రయోగశాలలో 1969లో మొదలైన యూనిక్స్‌లో ఆ స్థానమును / ఆక్రమించినది. 1981లో వచ్చిన ఎమ్మెస్ డాస్ తొలిరూపములో ఫోల్డరులే లేవు. కాని ఆజ్ఞలకు తోకలు తగిలించుటకు / గుర్తును అప్పుడే వాడుకొన్నారు. 1983లో రెండవ రూపమున ఫోల్డరులు ప్రవేశపెట్టునప్పటికి ఆ గుర్తు ఖాళీగా లేదు. కావున వెనుకకు వాలిన \ ను ఎన్నుకొనిరి. విండోస్ నేటికిని ఆ వారసత్వమును మోయుచున్నది.

దీనివలన పైథాన్ విద్యార్థికి కలుగు చిక్కు చిన్నది కాదు. పైథాన్‌లో కొటేషను గుర్తుల నడుమ \ కు ప్రత్యేకార్థము కలదు. దాని వెంట చిన్నబడి ఇంగ్లీషు "ఎన్" ఉన్నచో ఆ రెండును కలిసి క్రొత్త పంక్తి అగును. "టి" ఉన్నచో ట్యాబు ఖాళీ అగును. డి:\టెన్త్\నోట్స్ అను త్రోవను ఇంగ్లీషు చిన్నబడి అక్షరములతో వ్రాసి చూడుడు. మొదటి \ తో "టి", రెండవదానితో "ఎన్" కలిసిపోయి, ఒక ఖాళీయు ఒక పంక్తివిరుపును గల వింతపేరు మిగులును. ఫోల్డరుల పేర్లు తెలుగులో ఉన్నచో ఈ ఆపద రాదు, ఏలనన \ వెంట తెలుగక్షరము వచ్చిన పైథాన్ దానిని మార్చదు. అయినను 2023లో వచ్చిన 3.12 రూపమునుండి హెచ్చరిక మాత్రము బిగ్గరగానే చేయుచున్నది. విండోస్‌లో కూడ / వ్రాయుటే సుళువు. పైథాన్ దానిని అంగీకరించును.

అసలు త్రోవను వట్టి అక్షరాల వరుసగా భావించి, ప్లస్ గుర్తుతో అతికించుటయే ఈ కష్టములకు మూలమని నా అభిప్రాయము. త్రోవకు భాగములున్నవి. 2014లో వెలువడిన పైథాన్ 3.4 తో వచ్చిన పాథ్‌లిబ్ అను గ్రంథాలయము దానిని భాగములుగానే చూచును. ఇందులో భాగహారపు గుర్తయిన / తోనే ఫోల్డరుకు పేరు చేర్చవచ్చును. "పేరెంట్" అన్నచో పై ఫోల్డరు, "నేమ్" అన్నచో చివరి పేరు, "సఫిక్స్" అన్నచో చుక్కతోకూడిన తోక లభించును.

ఇందును ఒక గోతి కలదు. కుడివైపు చేర్చునది నిరపేక్ష మార్గమైనచో, ఎడమవైపు ఉన్నదంతయు రాలిపోవును. /మార్కులు అను ఫోల్డరుకు /రహస్యము అనుదానిని చేర్చినచో ఫలితము /రహస్యము మాత్రమే! రెండు చుక్కలు పై ఫోల్డరుకు గుర్తు కనుక వాటితోను బయటపడవచ్చును. విద్యార్థి టైపుచేసిన పేరుతో మార్కుల ఫైలు తెరచి చూపు ప్రోగ్రామును ఎవరైన వ్రాసినచో, కొంటెవాడు దానితో ప్రశ్నపత్రమునే తెరువగలడు. కావున ముందు "రిజాల్వ్" తో త్రోవను పూర్తిగా విప్పి, అది మన ఫోల్డరు లోపలనే ఉన్నదా అని "ఈజ్ రిలేటివ్ టు" తో పరీక్షింపవలెను. ఈ రెండవ సాధనము 2020లో వచ్చిన 3.9 నుండి కలదు.

తెలుగు పేర్లకు సంబంధించిన విశేషములు రెండున్నవి. లినక్స్‌లో సాధారణముగా ఒక పేరు 255 బైట్లు మించరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తొక్కటి 3 బైట్లు. ఒత్తులు, గుణింతములు కూడ లెక్కకు వచ్చును. "శాస్త్రము" అను మాటకు 9 గుర్తులు, అనగా 27 బైట్లు. ఇట్లు 85 గుర్తులతో పేరు నిండిపోవును.

రెండవది మరింత విచిత్రము. "వైద్యము"లోని ఐత్వమును యూనికోడ్‌లో ఒకే గుర్తుగా వ్రాయవచ్చును, లేదా ఎత్వమునకు క్రింది గుర్తు చేర్చి రెండుగా వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. లినక్స్‌కు మాత్రము అవి వేరువేరు పేర్లు. ఒకే ఫోల్డరులో "వైద్యము" అను ఫైళ్లు రెండు ప్రక్కప్రక్కనే ఉండగలవు, ఒకటి తెరువబోయి రెండవది తెరువవచ్చును. పైథాన్‌లోని "యూనికోడ్‌డేటా" లో "నార్మలైజ్" అను సాధనమును "ఎన్ఎఫ్‌సి" పద్ధతిలో ప్రయోగించినచో రెండు రూపములును ఒకటిగా మారును. పేరును భద్రపరచుటకు ముందే ఈ పని చేయవలెను.