కామసూత్ర ఇంగ్లిష్ అనువాదం: బర్టన్ పేరు వెనుక మరుగునపడిన మన పండితులు

వాత్స్యాయనుడి కామసూత్రను ఇంగ్లిష్‌లోకి తెచ్చిందెవరని అడిగితే చాలామంది చెప్పే పేరు రిచర్డ్ బర్టన్. కానీ 1883లో అచ్చయిన ఆ పుస్తకానికి సంస్కృతం నుంచి జరిగిన అసలు పనిలో ఆయన వాటా తక్కువే.

ఎవరీ బర్టన్?

1821లో ఇంగ్లండ్‌లో పుట్టిన బర్టన్‌ను ఆక్స్‌ఫర్డ్ నుంచి పంపించేశారు. 1842లో ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో చేరారు. బరోడా, సింధ్‌లలో ఉంటూ హిందుస్తానీ, గుజరాతీ, మరాఠీ, సింధీ, పర్షియన్ నేర్చుకున్నారు. 1853లో ముస్లిం యాత్రికుడి వేషంలో మక్కా వెళ్లొచ్చి రాసిన పుస్తకం ఆయన్ను ప్రసిద్ధుణ్ని చేసింది. 1885-88 మధ్య అరేబియన్ నైట్స్‌ను 16 సంపుటాల్లో వెలువరించారు.

అసలు పని చేసిందెవరు?

బొంబాయిలో సివిల్ సర్వీసు అధికారి అర్బత్‌నాట్ ఈ పని మొదలుపెట్టించారు. భగవాన్‌లాల్ ఇంద్రాజీ, శివరాం పరశురాం భిడే అనే పండితులు ఆయనకు తోడయ్యారు. బొంబాయిలో దొరికిన ప్రతి తప్పులతడక. దాంతో కాశీ, కలకత్తా, జైపూర్‌ల నుంచి ప్రతులు తెప్పించి, జయమంగళ వ్యాఖ్య సాయంతో పాఠాన్ని సరిచేశారు. బర్టన్ ఇంగ్లిష్‌కు మెరుగులు దిద్ది, అచ్చు వేయించారు.

అశ్లీల ప్రచురణలపై బ్రిటన్‌లో అప్పట్లో 1857 నాటి కఠిన చట్టం ఉండేది. అందుకే ‘కామశాస్త్ర సొసైటీ’ అనే కాగితాల మీది సంస్థ పేరుతో, అనువాదకుల పేర్లు లేకుండా పుస్తకం తెచ్చారు. 1960లలో బాహాటంగా అమ్మకానికి వచ్చేసరికి బర్టన్, అర్బత్‌నాట్‌ల పేర్లు మిగిలాయి. పండితులు వెనక్కి పోయారు.

తెలుగువారికీ సంబంధం ఉంది

ఇంద్రాజీ (1839-88) సామాన్యుడు కాదు. నానేఘాట్, నాసిక్‌లలోని శాతవాహన శాసనాలను చదివి వివరించిన తొలితరం పరిశోధకుల్లో ఒకరు. మన చరిత్ర పుస్తకాల్లోని శాతవాహనుల కథకు ఆ శాసనాలే ముఖ్య ఆధారం. కామసూత్రలో కుంతల శాతకర్ణి ప్రస్తావన ఉండటం మరో విశేషం.

పేరు మాత్రమే కాదు

2002లో సుధీర్ కాకర్‌తో కలిసి కామసూత్రను మళ్లీ అనువదించిన వెండీ డోనిగర్, పాత అనువాదంలో స్త్రీల గొంతు బలహీనపడిందని విమర్శించారు. మూలంలో లేని చోట కూడా ‘లింగం’, ‘యోని’ అనే మాటలు చేర్చారని చూపించారు.

ఆ మార్పులు చదువరికి తెలియాలంటే, ఎవరు ఏ పని చేశారో పుస్తకంలో ఉండాలి. వలస కాలంలో మన గ్రంథాలెన్నో ఇలాగే ఇంగ్లిష్‌లోకి వెళ్లాయి. ‘ఒక పండితుడి సాయంతో’ అన్న వాక్యం కనిపించినప్పుడల్లా, ఆ పండితుడి పేరేమిటని అడగడం మన బాధ్యత.