డెబ్బయ్యేళ్లు సూర్యుణ్ణి చూడని గుమ్మటం

చికాగో అనగానే మనవాళ్లకు గుర్తుకు వచ్చేది 1893లో వివేకానందుడు మాట్లాడిన సభ. ఆ సభ జరిగిన భవనం మిషిగన్ అవెన్యూలో ఉన్నది. అదే వీధిన ఉత్తరంగా కొంత దూరం నడిస్తే, ఆ భవనానికి నమూనా గీసినవారే గీసిన మరో రాతి మేడ కనిపిస్తుంది. 1897లో ప్రజా గ్రంథాలయంగా తలుపులు తెరిచిన మేడ అది. లోపలికి పోవడానికి పైసా ఇవ్వనక్కరలేదు. పాలరాతి మెట్లెక్కి, పెద్ద హాలులో నిలబడి, తల పైకెత్తండి.

నెత్తిమీద 38 అడుగుల వ్యాసం గల రంగు గాజుల గుమ్మటం! ఇనుప చట్రంలో 243 భాగాలు. వాటిలో సుమారు 30,000 గాజు ముక్కలు, చేప పొలుసుల్లాగా. నడినెత్తిన మేషం, వృషభం మొదలుకొని పన్నెండు రాశులూ ఉన్నాయి. మన పంచాంగకర్తలు చూస్తే ముచ్చటపడిపోతారు. దీన్ని చేసినది న్యూయార్కులోని టిఫనీ సంస్థ. వారి గాజులో రంగు పైపూత కాదు. కరిగిన గాజులోనే కలిపేవారు.

ఈ వైభవం వెనుక ఒక అగ్నిప్రమాదం ఉన్నది. 1871లో చికాగో తగలబడిపోయింది. జాలిపడి ఇంగ్లండువారు ఎనిమిది వేల పుస్తకాలు పంపించారు. విక్టోరియా రాణి కూడా ఇచ్చింది. పుస్తకాలైతే వచ్చాయి గాని, పెట్టుకోవడానికి చోటేదీ? 1873లో ఒక పాత నీళ్ల ట్యాంకులో గ్రంథాలయం తెరిచారు. ట్యాంకులో చదువుకున్న ఊరు పావు శతాబ్దంలో ఇంత మేడ కట్టుకున్నది.

అయితే రంగు గాజుకు ప్రాణం వెనుకనుంచి వచ్చే వెలుగు. 1930లలో గుమ్మటం పైన కాంక్రీటు, రాగి రేకులతో మూత వేసేశారు. వానా మంచూ రాలేదు, నిజమే; సూర్యుడూ రాలేదు. తరాల తరబడి జనం దీపాల వెలుగులో చూసి, దాని రంగులు ఇంతే కాబోలు అనుకున్నారు.

1970ల మొదట్లో అసలు మేడనే కూల్చాలన్న మాట వచ్చింది. మేయరు రిచర్డ్ డేలీ భార్య ఎలినార్ పత్రికలవారితో మాట్లాడడమే అరుదు. అటువంటావిడ 1972లో అందమైన పాత మేడలు నిలవాలని బాహాటంగా అన్నది. ఇంట్లో మాట మేయరు కాదనగలడా! మేడ నిలిచింది. 1991లో గ్రంథాలయం కొత్త భవనానికి తరలింది. ఇది సాంస్కృతిక కేంద్రంగా ఉండిపోయింది.

గుమ్మటానికి మోక్షం 2008లో కలిగింది. ఇటువంటి పని ఎంత ఓపికతో కూడినదో చెప్పాలి. ఏ ముక్క ఎక్కడిదో గుర్తు వేసుకోవాలి, ఫోటోలు తీయాలి, కాగితం పరచి, పైన రుద్ది, పట్టీల అచ్చు తీసుకోవాలి. తరువాత నెమ్మదిగా కడగాలి. ఘాటైన ఆమ్లాలు పనికిరావు. పగిలిన ముక్కను పారవేయకుండా జిగురుతో అతకాలి. కొత్తది బిగించడమే సులువు కదా అంటారేమో! కరిగిన గాజులో రంగులు కలిసిన తీరు ఏ ముక్కకా ముక్కదే. అచ్చంగా అటువంటిది మళ్లీ పోత పోయడం ఎవరి తరమూ కాదు. అందుచేత గత్యంతరం లేని చోటనే కొత్త గాజు.

ముక్కలు బాగుచేసి ఊరుకోలేదు. పైనున్న కాంక్రీటు మూత తీసేసి, వెలుతురు దిగే కొత్త కప్పు అమర్చారు. డెబ్బయ్యేళ్లు దాటిన తరువాత పగటి వెలుగు మళ్లీ హాలులో పడింది. మబ్బు అడ్డువస్తే రంగు తగ్గుతుంది, తొలగితే పెరుగుతుంది. ఏ దీపం చేయగలదు ఆ పని?

ఆ మేడలోనే ఇంకో గుమ్మటం కూడా ఉన్నది, 40 అడుగులది. హీలీ, మిల్లెట్ అనేవారి పనితనం. దాన్ని 2022లో బాగుచేశారు. అందుకోసం ఒక దాత కోటిన్నర డాలర్లు ఇచ్చారు. గుడిలో ట్యూబులైటు ఇచ్చినా దాని మీద పేరు రాయించుకునే మనకు ఆశ్చర్యమే గాని, ఆ దాత తన పేరు చెప్పనివ్వలేదు.