చిన్న పత్రికకు రెండు జీవితాలు

ఈ వ్యాసం రాయడానికి ఒక చిన్న సంఘటన కారణం. ముదిగుబ్బలో నా దగ్గర పదో తరగతి దాకా చదువుకొని, ఇప్పుడు ఎం.ఏ. తెలుగు చేస్తున్న ఒక విద్యార్థి గత వేసవిలో మా ఇంటికి వచ్చాడు. "సార్, మన వైపు చిన్న పత్రికల మీద వ్యాసం రాసుకొని రమ్మన్నారు. మీ దగ్గర పాత సంచికలేమైనా ఉంటాయా?" అని అడిగాడు. "లేకేం, కూచో నాయనా" అని ధీమాగా ట్రంకు పెట్టె దించాను.

నా మొదటి కవిత అచ్చయింది పాతికేళ్ల కిందట జిల్లాలోని ఒక పట్టణం నుంచి వెలువడిన మాసపత్రికలో. పెట్టెలో కవిత దొరికింది, పత్రిక దొరకలేదు. నా కవిత ఉన్న పేజీ మటుకు కత్తిరించి దాచుకొని, మిగిలిన సంచికను నేనే ఎప్పుడో పాత కాగితాల్లో వేసేశాను. ఆ పేజీ వెనుక ఎవరిదో ఒక కథలో సగం ఉంది. బోరు వేయించి, నీళ్లు పడక, రెండో బోరుకు అప్పు కోసం తిరిగే రైతు కథ. దానికి మొదలూ లేదు, చివరా లేదు, రచయిత పేరూ లేదు. ఆ కుర్రవాడు నా కవితను మర్యాదకు ఒకసారి చదివాడు. వెనుక పేజీని రెండుసార్లు చదివి, "ఇది రాసిందెవరు సార్?" అన్నాడు. నేను చెప్పలేకపోయాను.

సంపాదకుడు ఇప్పుడు లేడు. ఆయన పోయాక మిగిలిన కట్టలను ఇంటివాళ్లు తూకానికి వేశారు. పత్రిక అచ్చయిన ప్రెస్సులో ఈనాడు ఫ్లెక్సీలు వేస్తున్నారు.

చిన్న పత్రికలను గురించి మనం సభల్లో చాలా మాట్లాడతాం. ఎంత ఆశయంతో పుట్టిందో, ఎంత కష్టంతో నడిచిందో, ఎలా ఆగిపోయిందో చెప్పుకొని బాధపడతాం. అయితే అది దాని మొదటి జీవితం మాత్రమే. ఆగిపోయిన తర్వాత దానికి రెండో జీవితం ఒకటి ఉంది. ఒక ప్రాంతపు సాహిత్య చరిత్రకు ఆధారంగా నిలబడే జీవితం అది. మొదటి జీవితం సంపాదకుడి చేతిలో ఉంటుంది. రెండోది మన చేతిలో ఉంటుంది. మన నిర్లక్ష్యం వల్ల పోతున్నది ఈ రెండోదే.

ముందు చిన్న పత్రిక అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. పేజీలు తక్కువైనంత మాత్రాన ఏ పత్రికా చిన్న పత్రిక కాదు. లాభం దాని లక్ష్యం కాదు. పాఠకుడు దానికి కొనుగోలుదారు కాడు, సహచరుడు. సంపాదకుడే ప్రూఫులు దిద్దుతాడు, చిరునామాలు రాస్తాడు, కట్టలు మోసుకొని పోస్టాఫీసుకు పోతాడు. పెద్ద పత్రిక వేయడానికి జంకిన రచనను అది వేస్తుంది. 1914లో షికాగోలో మార్గరెట్ ఆండర్సన్ ప్రారంభించిన 'లిటిల్ రివ్యూ' 1918 నుంచి జేమ్స్ జాయిస్ 'యులిసిస్'ను ధారావాహికగా వేసి కోర్టు బోనెక్కింది. బెంగాలీలో 'కల్లోల్' (1923), తమిళంలో 'మణిక్కొడి' (1933), 'ఎళుత్తు' (1959) ఆయా భాషల సాహిత్య గమనాన్నే మలుపు తిప్పాయి.

ఈ వరుసలో మన అనంతపురం వెనుకబడి ఏమీ లేదు. 1917 ప్రాంతంలోనే ఇక్కడి మిత్రులు కొందరు 'వదరుబోతు' పేరుతో వ్యాసాలు వెలువరించారు. 1709లో రిచర్డ్ స్టీల్ లండనులో మొదలుపెట్టిన 'టాట్లర్' దానికి ఒరవడి. ఆ ఆంగ్ల నామానికి ఇంతకంటే చక్కని తెలుగు దొరకదు. రాసిన వారు తమ పేర్లు పెట్టుకోలేదు. వారిలో ఒకరైన పప్పూరు రామాచార్యులు 1926 ఆగస్టు 14న 'శ్రీసాధన' వారపత్రికను ప్రారంభించారు. ఇక్కడొక విషయం గమనించాలి. దత్తమండలాలకు 'రాయలసీమ' అన్న పేరును చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది 1928 నవంబరులో, నంద్యాల సభలో. అంటే ఈ సీమకు ఆ పేరు స్థిరపడక ముందే ఈ సీమకొక పత్రిక ఉంది. ఆ పత్రికలో పనిచేసిన విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డితో కలిసి అనంతపురంలో 'నవ్య సాహిత్యమాల' నడిపారు. ఆ తర్వాతనే మద్రాసు పత్రికా రంగంలో పేరు తెచ్చుకున్నారు, 'పెన్నేటి పాట' రాశారు. ఒక ఊరి పత్రిక చేసే పని ఇదే. అది రచయితకు పేరు తేకపోవచ్చు. అతడికి మాట్లాడుకోవడానికి మనుషులనిస్తుంది, గడువునిస్తుంది, ఎదురుగా కూర్చున్న పాఠకుణ్ణిస్తుంది.

భాష సంగతి కూడా ఉంది. 'పదును' అన్నాననుకోండి. మా వైపు రైతుకు అది విత్తనం వేయడానికి చాలినంత తడి. మరొక చోట కత్తి వాదర. మా సేద్యగాడు "పదునైంది" అంటే గొర్రు కట్టుకొని చేనికి పోతాడు. దూరాన ఉన్న సంపాదకుడు ఆ మాటకు అధోజ్ఞాపిక అడుగుతాడు, లేదా మార్చేస్తాడు. ఊరి పత్రికకు ఆ అవసరం లేదు. తన మాట తప్పు కాదనే ధైర్యం రచయితకు మొదట కలిగేది అక్కడే.

ఇక రెండో జీవితం. రాయలసీమలో ఆధునిక కథ 1940లలో మొదలైందన్న అభిప్రాయం మనలో చాలాకాలం చెలామణీ అయింది. నేనూ తరగతిలో అలాగే చెప్పాను. అప్పిరెడ్డి హరినాథరెడ్డి వంటి పరిశోధకులు పాత పత్రికల సంచికలు తిరగేసి అంతకు ముందటి కథలను వెలికి తెచ్చారు. ఆయన గ్రంథం 'సీమ సాహితీ స్వరం: శ్రీసాధన పత్రిక'కు 2014లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. ఆ సంచికలు ఎవరో ఒకరు దాచి ఉంచబట్టి గదా ఇది సాధ్యమైంది! అవీ తూకానికి పోయి ఉంటే, మనకు కథ ఆలస్యంగా వచ్చిందని ఈనాటికీ పాఠం చెబుతూ ఉండేవాళ్లం. కరువు సీమలో సాహిత్యానికీ కరువేనన్న మాటను నమ్ముతూ ఉండేవాళ్లం.

చిన్న పత్రికలన్నీ గొప్పవని నేను అనడం లేదు. పరస్పర ప్రశంసలతో నిండిన పత్రికలు చాలా చూశాం. అక్షరం ఎవరి చేతిలో ఉంటే పత్రిక వారి మాటే మాట్లాడుతుందన్నదీ వాస్తవమే. మన పాత పత్రికల్లో దళితుల గొంతు, స్త్రీల గొంతు ఎంత పలుచనో సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. అయితే ఆ లోపాన్ని నిరూపించడానికైనా సంచికలు ఉండాలి కదా. 1968లో కడప జిల్లా నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి 'సంవేదన'ను వెలువరించారు. మొహమాటం లేని విమర్శకు చిన్న పత్రికే తగిన చోటని అది నిరూపించింది. అది నడిచింది కొద్ది సంచికలే. ఈనాటికీ మన విమర్శలో దాని ప్రస్తావన లేకుండా జరగదు. వరంగల్లులో 1966లో మొదలైన 'సృజన' నిషేధాలకు, కేసులకు గురైంది. పత్రిక ఆయుష్షును సంవత్సరాలతో కొలవలేమన్నది స్పష్టం.

మరి ఇవి ఎందుకు మిగలడం లేదు? ఆర్థిక కారణం అందరికీ తెలిసిందే. మా వైపు చెనక్కాయ పంట పోయిన ఏడు చందాలూ పోతాయి. పెండ్లి ముహూర్తాలు వస్తే ప్రెస్సులో శుభలేఖలే ముందు, పత్రిక వెనుక. ఇది గాక మరొక కారణం ఉంది. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టాన్ని 1956లో పత్రికలకూ వర్తింపజేశారు. ఆ ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయం వంటి చోట్లకు ప్రతి సంచికా చేరాలి. రిజిస్ట్రేషన్ చిక్కులు పడలేక "ప్రైవేటు సర్క్యులేషన్ కొరకు మాత్రమే" అని వేసుకొన్న చిన్న పత్రిక ఆ దారిన పోదు. 1867 నాటి పత్రికల చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. అయినా మన చిన్న పత్రిక ఏ గ్రంథాలయపు జాబితాకూ ఎక్కకుండానే పుట్టి పోతున్నది.

కనుక దాచే పని వ్యక్తుల మీదనే పడింది. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పిన కాళీపట్నం రామారావు బడిపంతులు. 1978లో కలకత్తాలో చిన్న పత్రికల కోసమే గ్రంథాలయం తెరిచిన సందీప్ దత్తా కూడా బడిపంతులే. ఇద్దరి వెనుకా సంస్థల బలం లేదు. మరొకరి రచన ఉన్న పేజీ కూడా విలువైనదేనన్న ఎరుక వారికి ఉంది. నాకు ఆ ఎరుక లేకపోయింది. నా పేజీ ఒక్కటే కత్తిరించుకొన్నాను.

మనం చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. సంపాదకులు ప్రతి సంచికా రెండేసి ప్రతులు విడిగా తీసి, ఒకటి జిల్లా గ్రంథాలయానికీ ఒకటి కథానిలయం వంటి చోటికీ పంపవచ్చు. ఏడాది చివరి సంచికలో ఆ ఏటి రచనల పట్టిక ఒక పేజీ వేయవచ్చు. రచయితలు తమ రచన ఉన్న పేజీని కాక, సంచిక మొత్తాన్ని దాచాలి. విద్యార్థులు చేతిలోని సెల్‌ఫోనుతోనే పాత సంచికలను అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో సహా ఫోటోలు తీయవచ్చు. ఆనాటి బట్టల కొట్టు ప్రకటన కూడా ఊరి చరిత్రే.

ఆ విద్యార్థి తన వ్యాసాన్ని ఆ సగం కథతోనే మొదలుపెట్టాడు. కదిరి, ధర్మవరం, అనంతపురం తిరిగి పాత చందాదారులను వాకబు చేస్తున్నాడు. రచయిత ఇంకా దొరకలేదు. ఈ వ్యాసం చదివిన వారిలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి కట్ట ఒకటి అటక మీద ఉంటే, దయచేసి కత్తెర పట్టుకోకుండా విప్పండి.