కథానాయకుల తరువాతే కథానాయికకు ‘ఫాల్కే’

వహీదా రెహమాన్ సరసన నటించిన కథానాయకులు ఒక్కొక్కరుగా దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకుంటూ వచ్చారు. 1987వ సంవత్సరానికి గాను రాజ్ కపూర్‌కు, 1994కు దిలీప్ కుమార్‌కు, 2002కు దేవ్ ఆనంద్‌కు ఆ గౌరవం దక్కింది. సత్యజిత్ రాయ్ తీసిన ‘అభిజాన్’లో ఆమెతో నటించిన సౌమిత్ర ఛటర్జీకి 2011లోను, శశి కపూర్‌కు 2014లోను, మనోజ్ కుమార్‌కు 2015లోను లభించింది. ‘రేష్మా ఔర్ షేరా’లో చిన్న వేషాలు వేసిన ఇద్దరు కొత్త నటులు వినోద్ ఖన్నా, అమితాబ్ బచ్చన్‌లు సైతం 2017, 2018 సంవత్సరాలకు ఎంపికయ్యారు. వినోద్ ఖన్నాకు అది మరణానంతర గౌరవం. వీరందరి తరువాత, 2021వ సంవత్సరపు పురస్కారం వహీదాకు ప్రకటించేనాటికి ఆమె వయస్సు 85 సంవత్సరాలు.

ప్రకటన వెలువడిన రోజు 2023 సెప్టెంబరు 26. అది దేవ్ ఆనంద్ శతజయంతి దినం. అప్పటి కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అనురాగ్ ఠాకూర్ ఆమె పేరు వెల్లడించారు. ఎంపిక సంఘంలో ఆశా పరేఖ్, పరేశ్ రావల్, ప్రొసేన్‌జిత్ ఛటర్జీ, శేఖర్ కపూర్‌లతో పాటు తెలుగు నటుడు చిరంజీవి కూడా సభ్యులుగా ఉన్నారు.

ఈ జాప్యం ఒక్క వహీదా విషయంలో జరిగినది కాదు. భారత ప్రభుత్వం 1969లో నెలకొల్పిన ఈ పురస్కారం తొలిసారి ఒక మహిళకే దక్కింది. ఆమె దేవికా రాణి. తరువాత 1973లో మూకీ యుగపు తార సులోచన, 1976లో కానన్ దేవి, 1983లో దుర్గా ఖోటే దానిని పొందారు. ఆ పిమ్మట 37 ఏళ్లపాటు నటీమణులెవరికీ ఫాల్కే లేదు. మధ్యలో లతా మంగేష్కర్‌కు 1989లోను, ఆశా భోంస్లేకు 2000లోను లభించినా వారు గాయనీమణులు. నటీమణి పేరు మళ్లీ వినిపించింది 2020వ సంవత్సరానికి ఆశా పరేఖ్‌ను ఎంపిక చేసినప్పుడే. 1969 నుంచి 2021 వరకు 53 సంవత్సరాలలో ఈ పురస్కారం పొందిన మహిళలు ఎనిమిది మందే.

ఈ నిరీక్షణా కాలంలో ఒక తరం నటీమణులు కనుమరుగయ్యారు. మీనా కుమారి 1972లోను, నర్గీస్ 1981లోను, నూతన్ 1991లోను కన్నుమూశారు. మన సావిత్రి 1981లోనే వెళ్లిపోయారు. వీరిలో ఎవరికీ ఫాల్కే అందలేదు. ఫాల్కే 1913లో తన ‘రాజా హరిశ్చంద్ర’కు తారామతి వేషం వేసే స్త్రీ దొరకక ఒక పురుషుడి చేతనే ఆ పాత్ర వేయించవలసి వచ్చింది. ఆయన పేరిట ఏర్పడిన పురస్కారం నటీమణులను ఇంత కాలం మరచిపోవడం విచిత్రమే.

తెలుగు తెరపై తొలి అడుగు

వహీదా జన్మస్థలం హైదరాబాదు అని చాలాకాలం పత్రికలు రాస్తూ వచ్చాయి. నిజానికి ఆమె 1938 ఫిబ్రవరి 3న తమిళనాడులోని చెంగల్పట్టులో జన్మించారు. చిన్నతనంలోనే భరతనాట్యం అభ్యసించారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. 1951లో ఆయన మరణించడంతో కుటుంబానికి ఆసరా కావలసి వచ్చింది. నాట్యమే ఆమెను సినిమాలోకి తీసుకువచ్చింది. తాపీ చాణక్య దర్శకత్వంలో 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’లో కొసరాజు రచించిన ఏరువాక పాటకు ఆమె చేసిన నృత్యం ఆంధ్రదేశాన్ని ఊపివేసింది. ఆ చిత్ర కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. అదే ఏడాది ఎన్.టి. రామారావు సొంత సంస్థ నిర్మించిన ‘జయసింహ’లోనూ ఆమె నటించారు.

‘రోజులు మారాయి’ విజయోత్సాహం నడుమ హైదరాబాదులో దర్శకుడు గురుదత్ ఆమెను చూశారు. బొంబాయికి పిలిపించారు. అక్కడ మొదటి పేచీ పేరు దగ్గర వచ్చింది. దిలీప్ కుమార్, మధుబాల, మీనా కుమారి అందరూ తెరపేర్లు పెట్టుకున్నవారేనని, వహీదా రెహమాన్ అన్న పేరు సినిమాకు నప్పదని నిర్మాణవర్గం వాదించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మార్చుకోనని ఆమె కచ్చితంగా చెప్పారు. తనకు నచ్చని దుస్తులు ధరించబోనన్న షరతును కూడా ఒప్పందంలో చేర్పించారు. అప్పటికి ఆమె మైనర్ కావడంతో ఒప్పందంపై తల్లి సంతకం చేయవలసి వచ్చింది. ఆ రోజుల్లో పేరుపొందిన తారలు సైతం నిర్మాతలను అడగడానికి సంకోచించే షరతులివి.

పాటకు బహుమతి, నటికి రిక్తహస్తం

రాజ్ ఖోస్లా దర్శకత్వం వహించిన ‘సి.ఐ.డి.’ (1956)తో ఆమె హిందీ ప్రస్థానం మొదలైంది. మరుసటి ఏడాది గురుదత్ ‘ప్యాసా’ వచ్చింది. కవిని ఆదరించిన వేశ్య గులాబో పాత్ర ఆమెది. 2005లో అమెరికా వారపత్రిక ‘టైమ్’ ప్రపంచ సినిమాలోని వంద మేటి చిత్రాల జాబితాలో ‘ప్యాసా’ను చేర్చింది. అయితే ఆ నటనకు ఆనాడు ఆమెకు ఏ పురస్కారమూ రాలేదు. మన దేశపు తొలి సినిమాస్కోప్ చిత్రం ‘కాగజ్ కే ఫూల్’ (1959) ఘోరంగా పరాజయం పాలైనా, అందులోని వెలుగునీడలకు గాను ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తికి ఫిల్మ్‌ఫేర్ పురస్కారం దక్కింది. ఆ వెలుగులో నిలిచిన నటికి మాత్రం దక్కలేదు. తరువాతి కాలంలో మూర్తి కూడా ఫాల్కే గ్రహీత అయ్యారు. 2008వ సంవత్సరానికి గాను ఆ గౌరవం పొందిన తొలి ఛాయాగ్రాహకుడాయన.

‘చౌదవీఁ కా చాంద్’ (1960) విషయం మరీ విశేషం. నాయిక సౌందర్యాన్ని వర్ణించే ఆ చిత్ర శీర్షికా గీతానికి రచయిత షకీల్ బదాయునీ, గాయకుడు మహమ్మద్ రఫీ ఇద్దరూ ఫిల్మ్‌ఫేర్ బహుమతులు అందుకున్నారు. కళాదర్శకత్వానికీ బహుమతి వచ్చింది. పాట ఎవరి ముఖాన్ని చూసి పాడినదో ఆమె రిక్తహస్తాలతో మిగిలారు. 1962 నాటి ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’లో జబ పాత్రకు సహాయ నటిగా ఫిల్మ్‌ఫేర్ పరిశీలనకు వెళ్లినా బహుమతి రాలేదు. ఆ చిత్రానికి ఉత్తమ నటి మీనా కుమారి. ఆ సంవత్సరం ఉత్తమ నటి విభాగంలో పోటీపడిన మూడు చిత్రాలూ మీనా కుమారివే కావడం మరొక రికార్డు.

బొంబాయికి వచ్చిన దశాబ్దం తరువాత, ‘గైడ్’కు గాను 1967లో ఆమెకు తొలి ఫిల్మ్‌ఫేర్ లభించింది. భర్తను విడిచి, పరాయి పురుషుడి అండతో నర్తకిగా పేరు తెచ్చుకునే రోజీ పాత్ర అంగీకరిస్తే నాయికగా ఆమె జీవితం ముగిసినట్లేనని శ్రేయోభిలాషులు కొందరు హెచ్చరించారు. ఆమె వినలేదు. గురుదత్ చిత్రాలలో పెద్దగా పని పడని ఆమె నాట్యవిద్య అంతా ఈ పాత్రలో వినియోగానికి వచ్చింది. విజయ్ ఆనంద్ దర్శకత్వంలోని ఆ చిత్రానికి ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి సహా ఏడు పురస్కారాలు లభించాయి. ఉత్తమ కథకు బహుమతి పొందిన ఆర్.కె. నారాయణ్ తన నవలను సినిమాగా మలచిన తీరు నచ్చలేదని బాహాటంగానే రాయడం కొసమెరుపు. అదే కాలంలో వచ్చిన ‘తీస్రీ కసమ్’ను ప్రేక్షకులు తిరస్కరించారు. అందులో ఆమె నౌటంకీ నర్తకి హీరాబాయి. 1966వ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా దానికి రాష్ట్రపతి స్వర్ణపతకం దక్కింది గాని, నటీనటులకు జాతీయ స్థాయిలో విడిగా బహుమతులు ఇచ్చే పద్ధతి అప్పటికి లేదు. 1967 నాటి చిత్రాలతోనే అది ప్రారంభమైంది.

రెండవ ఫిల్మ్‌ఫేర్ ‘నీల్ కమల్’ (1968) తెచ్చిపెట్టింది. పూర్వజన్మ స్మృతులతో నిద్రలో నడిచే ఇల్లాలి కథ అది. ఆమె నటనాజీవితంలో శిఖరం అదేనని నేడు ఎవరూ అనరు. ఆ స్థానం అసిత్ సేన్ ‘ఖామోషీ’కి చెందుతుంది. మానసిక రోగులకు ప్రేమను నటిస్తూ చికిత్స చేసి, చివరకు తానే మతి కోల్పోయే నర్సు రాధ పాత్ర అది. బెంగాలీ మాతృకలో సుచిత్రా సేన్ పోషించిన ఈ పాత్రను తెలుగు ప్రేక్షకులు 1960లోనే ‘చివరకు మిగిలేది’లో సావిత్రి నటనలో చూశారు. ముగ్గురు మహానటులు మూడు భాషలలో చేసిన పాత్ర కావడంతో పోల్చి చూడడం విమర్శకులకు నేటికీ ఇష్టమైన వ్యాపకం. ‘ఖామోషీ’కి ఫిల్మ్‌ఫేర్ వచ్చింది, ఛాయాగ్రాహకుడు కమల్ బోస్‌కు! వహీదాకు రాలేదు.

థార్ ఎడారిలో దక్కిన జాతీయ గౌరవం

జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆమెను వరించింది ‘రేష్మా ఔర్ షేరా’ (1971) ద్వారా. రాజస్థాన్ ఎడారిలో రెండు వంశాల మధ్య తరతరాల పగ, ఆ పగకు బలయ్యే ప్రేమ దీని ఇతివృత్తం. సునీల్ దత్ స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన ఈ చిత్రం ఆర్థికంగా ఆయనను దెబ్బతీసింది. ప్రేక్షకులు ఆదరించని ఆ చిత్రానికే నటి, సంగీతం, వర్ణ ఛాయాగ్రహణం విభాగాలలో మూడు జాతీయ పురస్కారాలు లభించాయి. ఆ ఏడాది జాతీయ ఉత్తమ నటుడు తమిళ చిత్రం ‘రిక్షాకారన్’ నాయకుడు ఎం.జి. రామచంద్రన్. 1972లో ప్రభుత్వం వహీదాకు పద్మశ్రీ బిరుదు ప్రదానం చేసింది. అప్పటికి ఆమె వయస్సు 34.

మరుసటి సంవత్సరమే ‘ఫాగున్’లో ఆమె జయా భాదురికి తల్లిగా నటించవలసి వచ్చింది. జాతీయ ఉత్తమ నటికి రెండేళ్లు తిరగకముందే తల్లి పాత్రలు మొదలు కావడం మన సినిమా ధర్మం. ఆమెకంటే 15 ఏళ్లు పెద్దవాడైన దేవ్ ఆనంద్ ఆ తరువాత కూడా చాలాకాలం నాయకుడిగానే కొనసాగారు. ‘కభీ కభీ’ (1976)లో అమితాబ్‌కు భార్యగా నటించిన వహీదా, రెండేళ్ల తరువాత ‘త్రిశూల్’లో అదే అమితాబ్‌కు తల్లి అయ్యారు. 1974లో అక్కినేని కథానాయకుడిగా ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘బంగారు కలలు’తో ఆమె మళ్లీ తెలుగు తెరపై కనిపించారు. అదే ఏడాది నటుడు కమల్‌జీత్‌ను వివాహమాడారు. కాలక్రమంలో బెంగళూరుకు తరలిన ఆమె, 1991లో ‘లమ్హే’ తరువాత సుమారు దశాబ్దకాలం సినిమాలకు దూరంగా ఉన్నారు. ఫిల్మ్‌ఫేర్ సంస్థ జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది ఈ విరామంలోనే. 2000లో భర్త మరణించిన తరువాత ఆమె తిరిగి నటన వైపు వచ్చారు. ‘వాటర్’, ‘రంగ్ దే బసంతి’, ‘ఢిల్లీ-6’ చిత్రాలు కొత్త తరానికి ఆమెను పరిచయం చేశాయి.

2006వ సంవత్సరానికి గాను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమెను ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కారానికి ఎంపిక చేసింది. తొలి ఏడాదే ‘జయసింహ’లో తనతో నటించిన వ్యక్తి పేరిట నెలకొన్న పురస్కారం ఆమెకు దక్కడం ఇక్కడివారికి ప్రత్యేకంగా తోచింది. పద్మశ్రీ నుంచి పద్మభూషణ్ వరకు చేరడానికి మాత్రం 39 ఏళ్లు పట్టింది. 2011లో ఆమెకు పద్మభూషణ్ ప్రకటించిన జాబితాలోనే అక్కినేని నాగేశ్వరరావుకు పద్మవిభూషణ్ లభించింది. ‘రోజులు మారాయి’ నాయకుడు, ఆ చిత్రంలోని నర్తకి 56 ఏళ్ల తరువాత ఒకే జాబితాకెక్కారు. ఫాల్కే విషయంలో వారిద్దరి నడుమ 31 ఏళ్ల దూరం ఉంది. అక్కినేనికి లభించినది 1990వ సంవత్సరానికి. 2013లో గోవాలో జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో భారతీయ సినిమా శతవత్సరాల సందర్భంగా కొత్తగా నెలకొల్పిన చలనచిత్ర ప్రముఖ వ్యక్తి పురస్కారానికి తొలి గ్రహీత కూడా ఆమే.

2023 అక్టోబరు 17న న్యూఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లో 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల ప్రదానోత్సవం జరిగింది. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా వహీదా ఫాల్కే పురస్కారం స్వీకరించారు. సభికులంతా లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు. సినిమా ఏ ఒక్కరి వల్లా తయారు కాదని, ఈ గౌరవాన్ని మేకప్ కళాకారులు, కేశాలంకరణ, దుస్తుల విభాగాలవారు సహా పరిశ్రమలోని అందరితో పంచుకుంటానని ఆమె అన్నారు. తరువాతి రెండు సంవత్సరాల ఫాల్కే పురస్కారాలు మిథున్ చక్రవర్తికి, మోహన్‌లాల్‌కు లభించాయి.