ఘనగిరి: రాయి, మేఘం, నీరు

హిందూపురం నుండి ధర్మవరానికి రైలులో వచ్చే యాత్రికులకు మార్గమధ్యంలో, పట్టణాన్ని పాదాల చెంత ఉంచుకొని నిలిచిన గిరిదుర్గం దర్శనమిస్తుంది. అదే పెనుకొండ. ‘పెను’ అనగా గొప్ప. సంస్కృతంలో దీనికి ఘనగిరి అని పేరు.

బాల్యంలో మా గురువుగారు నన్ను ఈ కొండ ఎక్కిస్తూ, “ఘన శబ్దానికి అర్థం చెప్పరా” అన్నారు. “గట్టిది” అన్నాను. “మేఘం కూడా. రెండూ కలిపి చూడు” అన్నారు. ఆ మాట నాకు డెబ్బై దాటాక గాని బోధపడలేదు.

మొదటి అర్థం శిల. భూగర్భంలో కరిగిన ద్రవం మెల్లగా చల్లారి ఈ గ్రానైటుగా గడ్డకట్టింది. ఈ సీమ గ్రానైటుల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞుల నిర్ణయం. పైపొరలు కాలక్రమంలో కొట్టుకొనిపోగా శిల బయటపడింది. మీది బరువు తొలగడంతో ఉల్లిపొరల వలె విచ్చింది. పగుళ్లలోకి వాననీరు దిగి అంచులను అరగదీయగా గుండ్లు ఏర్పడ్డాయి. పేర్చినట్లు కనిపించే ఆ గుండ్లను ఏ మానవుడూ పేర్చలేదు.

రెండవ అర్థం మేఘం. ఈ ప్రాంతంలో ఏటా కురిసే వాన సగటున 55 సెంటీమీటర్లకు అటూ ఇటూ. పడమట పెన్న, తూర్పున చిత్రావతి ఉన్నా, అవి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటలే. వట్టి బండ నీటిని త్రాగదు. కొంత దొనలలో నిలుపుకొని, తక్కినది దిగువ చెరువులకు పంపుతుంది. అదీ చాలనందువల్లనే 1388లో, బుక్కరాయల ఆజ్ఞపై జలసూత్రవేత్త సింగయభట్టు పెన్న నీటిని కాలువ ద్వారా సిరువేర చెరువుకు మళ్లించి పెనుకొండకు తెచ్చినట్లు శాసనం చెబుతున్నది. 1565 యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు ఇక్కడికే రాజధానిని మార్చారు. శత్రువును ఆపేది శిల. లోపలివారిని బ్రతికించేది నీరు.

ఇటీవల నేను కొండ మొదటి వరకే వెళ్లగలిగాను. పైకి వెళ్లిన మనుమడిని దొన నిండిందా అని అడిగితే, “నిండింది తాతా, సీసాలతో” అన్నాడు.

యాత్రికులకు నా విన్నపం: తీసుకువెళ్లిన సీసాను తిరిగి క్రిందికి తెండి; గుండ్లపై పేర్లు వ్రాయకండి. దాతలకు ఒక మనవి: మన పెద్దలు చెప్పిన సప్తసంతానాలలో దేవాలయంతో పాటు తటాకం కూడా ఉన్నది. గుడికి ఒక రాయి ఇచ్చేవారు, చెరువులో ఒక తట్ట పూడిక కూడా తీయించండి. అప్పుడే ఘనగిరి పేరు రెండర్థాలా నిలుస్తుంది.