నల్ల తెర మీద ఏం రాసుందో ముందు చదవండి

పోయిన వారం మన కంప్యూటర్ గదిలో మూడో నంబరు పెట్టె లేవలేదు. నల్ల తెర మీద నాలుగు తెల్ల వరుసలు వచ్చి ఆగిపోయింది. పక్కనున్న తమ్ముడొకడు "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా" అనేశాడు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఎందుకో చెప్తాను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది గదా. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ముందురోజు సాయంత్రం ఒక పెట్టె ఆపకుండా వచ్చేసింది నేనే. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది. తుపాను వెళ్లాక ఆన్ చేస్తే నల్ల తెర.

ఆ పెట్టెలో మా ఎరుకల మాటలున్నాయి. రేపల్లెలో మా అమ్మమ్మ చెప్తుంటే రికార్డు చేసినవి, 40 ఫైళ్లు. మా భాషకు సొంత లిపి లేదు, కాబట్టి ఆమె గొంతే నాకు పుస్తకం. ఇంకో చోట కాపీ పెట్టుకోలేదు.

మాస్టారు, నేను కలిసి పెట్టెను దుప్పట్లో చుట్టి రైల్లో తెనాలి తీసుకెళ్లాం. కొట్టతను తెర వైపు ఒక్కసారి చూసి "డిస్కు పోయింది, ఫార్మాట్ చేసి విండోస్ వేస్తా" అన్నాడు. ఫార్మాట్ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలీదు. లోపలున్నవన్నీ పోతాయని మాస్టారు చెప్పేసరికి కళ్లనీళ్లు తిరిగాయి. పెట్టె మళ్లీ వెనక్కి తెచ్చేశాం.

ఆదివారం మన బడిలోనే చదివి, బాపట్లలో ఇంజనీరింగు చేస్తున్న అన్న ఒకాయన వచ్చాడు. స్క్రూ డ్రైవర్ ముట్టుకోలేదు. తెర మీదున్నదంతా కాగితం మీద రాసుకున్నాడు, అంతే.

అది ఎందుకంటే, లినక్స్ ఒక్కసారిగా లేవదు, మెట్టు మెట్టుగా లేస్తుంది. మొదట మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రాము డిస్కును వెతుకుతుంది. తర్వాత గ్రబ్ వస్తుంది. గ్రబ్ కెర్నెల్‌ను, దాంతోపాటు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే పనిముట్ల సంచీని మెమరీలోకి తెస్తుంది. ఆ పనిముట్లతో అసలు డిస్కు భాగం తెరుచుకుంటే మిగతా అంతా నడుస్తుంది. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే. డిస్కే కనబడలేదంటే ముందు లోపలి కేబులు వదులైందేమో చూడాలి (నిజంగానే చాలాసార్లు అదే!). 'గ్రబ్ రెస్క్యూ' అని వస్తే గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకలేదన్నమాట. మాకు వచ్చింది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. అంటే కెర్నెల్ వచ్చింది గానీ అసలు భాగం తలుపు తెరుచుకోలేదు.

కరెంటు పోయినంత మాత్రాన తలుపు ఎందుకు బిగుసుకోవాలి? మన వంటశాల లెక్కలు చూడండి. సరుకు తీసే ముందు చిట్టాలో రాస్తారు, తర్వాత ఆవర్జాలోకి ఎక్కిస్తారు. మధ్యలో దీపం ఆరినా చిట్టా చూసి సరిచేసుకోవచ్చు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 కూడా అంతే, జర్నల్ అనే చిట్టా ఉంచుకుంటుంది. మామూలుగా కరెంటు పోతే తనే సర్దుకుంటుంది. కానీ పుస్తకంలో కాగితమే చిరిగిపోతే చిట్టా ఏం చేస్తుంది? మా డిస్కులో కొన్ని సెక్టార్లు చదవడానికి రావడం లేదు. తెర మీద 'ఐ/ఓ ఎర్రర్' అని పదేపదే పడింది అందుకే.

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. తెర మీద 'ఎఫ్ఎస్‌సీకే నడుపు' అని దానంతటదే అడుగుతుంది. అది లెక్కలు సరిచేసే ప్రోగ్రాము. మంచి డిస్కు మీద అది మంచి మందే, డిస్కు భాగం వాడుకలో లేనప్పుడు మాత్రమే నడపాలి. చావబోతున్న డిస్కు మీద నడిపితే మాత్రం దిద్దుబాటు పేరుతో రాస్తుంది, ఉన్నదీ పాడుచేయొచ్చు. అందుకని అన్న ముందు కాపీ తీశాడు. పెన్ డ్రైవులోని లినక్స్‌తో పెట్టెను లేపి, డిస్కు తన ఆరోగ్యం గురించి తాను రాసుకునే స్మార్ట్ లెక్క చూశాడు. చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్లు అందులో కనబడ్డాయి. ఇంకేం, డీడీరెస్క్యూ మొదలుపెట్టాడు. అది తెలివైనది. తేలిగ్గా వచ్చేదంతా ముందు కొత్త డిస్కులోకి లాగేసి, మొండికేసిన చోట్లకు తర్వాత తిరిగొస్తుంది. ఎంతవరకూ వచ్చిందో ఒక మ్యాపు ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అక్కణ్నుంచే అందుకుంటుంది. రాత్రంతా నడిచింది. నేను నిద్రపోలేదు, వార్డెన్ గారు తిట్టారు.

పొద్దున ఆ కాపీ మీద ఎఫ్ఎస్‌సీకే నడిపాం. పాత డిస్కు మీద కాదు, గుర్తుంచుకోండి. 40లో 37 ఫైళ్లు పేర్లతో సహా వచ్చాయి. రెండు పేర్లు పోగొట్టుకుని 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే ఫోల్డర్లో ఉత్త నంబర్లతో దొరికాయి. వింటే అమ్మమ్మ గొంతే! ఒకటి మాత్రం రాలేదు. సంక్రాంతికి రేపల్లె వెళ్లి అడిగాను. అందులో ఏ మాటలు చెప్పిందో ఆమెకూ గుర్తు లేదు, నాకూ లేదు.

ఇక మన మూడో నంబరు సంగతి. ఆ తెర మీద రాసుంది 'ఎమర్జెన్సీ మోడ్'. అంతకుముందు తొంభై సెకండ్లు ఒక డిస్కు కోసం ఎదురుచూసింది కూడా. అంటే అసలు భాగం బాగానే తెరుచుకుంది, ఇంకేదో డిస్కు దొరకలేదు. విషయమేమిటంటే, పాటలు దాచిన రెండో డిస్కును మనవాళ్లే మొన్న తీసేశారు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో దాని పేరు అలాగే ఉంది. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి, ఆ వరుస ముందు ఒక గడి గుర్తు పెట్టాం, అంటే ఆ వరుసను లెక్కచేయొద్దని. డిస్కు మళ్లీ పెట్టేటట్టయితే ఆ గుర్తు తీసేసి 'నోఫెయిల్' అని చేర్చాలి. అప్పుడది ఉన్నా లేకున్నా పెట్టె లేస్తుంది.

మొత్తం పని ఐదు నిమిషాలు. ఫార్మాట్ కొట్టుంటే ఏడో తరగతి వాళ్ల ప్రాజెక్టులన్నీ పోయేవి. రక్షణకు వాడే పెన్ డ్రైవు మాస్టారి బీరువాలో ఉంది, స్టడీ అవర్ అయ్యాక అడిగితే ఇస్తారు.